వడ్లకు చూసినట్టే గాలికీ తేమ చూడండి

తెలంగాణ కాలుష్య నియంత్రణ మండలి అధికారులకు, సభ్యులకు నమస్కారం.

ప్రభుత్వం వడ్లు కొనే ఐకేపీ సెంటర్‌లో కుప్ప పోసిన రైతుకు అన్నిటికన్నా ఎక్కువ టెన్షన్ పెట్టేది తేమ చూసే చిన్న మిషన్. 17 శాతం దాటిందంటే కాంటా కాదు. మళ్లీ ఆరబోయాలి, మళ్లీ కుప్ప చేయాలి, సాయంత్రం మబ్బు పడితే టార్పాలిన్ కోసం పరుగెత్తాలి. ఆ మిషన్ చూపే అంకె కోసం మా నాయిన వడ్ల కుప్ప పక్కనే పడుకున్న రాత్రులు నాకు గుర్తున్నాయి. అవే వడ్లు, అదే కుప్ప. లోపల నీళ్లు ఎన్ని ఉన్నాయన్న ఒక్క విషయంతో దాని సంగతంతా మారిపోతుంది.

గాలిలో తేలే సన్నని రేణువులది కూడా ఇదే కథ. మీకు ఈ లేఖ రాస్తున్నది అందుకే.

నేను నల్గొండ జిల్లాలో ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో ఫిజికల్ సైన్స్ చెబుతాను. సాగర్ ఎడమ కాలువ కింద మాకు కొంత వరి పొలం ఉంది. నేను ఇక్కడ రాయబోయే పొగలో కొంత మా పొలం నుంచి కూడా లేచిందే. ఆ మాట దాచి ఎవరికో నీతులు చెప్పడం నాకు ఇష్టం లేదు.

మా అమ్మకు ఆయాసం. ప్రతి ఏడూ వానాకాలం కోతలు అయిపోయే రోజుల్లో, మంచు పడే పొద్దుగాలల్లో అది ఎక్కువవుతుంది. యాసంగి కోతల తర్వాత, అంటే ఏప్రిల్, మే నెలల్లో కూడా మా చుట్టూ కొయ్యలు, అంటే కోత తర్వాత మిగిలిన వరి మొదళ్లు, కాలుస్తారు. పొగ తక్కువేమీ కాదు. అయినా అమ్మకు అప్పుడు ఆయాసం అంతగా రాదు, కళ్లు మంట, గొంతు గరగర అంటుంది. ఒక ఆస్పత్రిలో చూపిస్తే చలికి అలా అవుతుందన్నారు, మందులు రాసిచ్చారు. చలి కూడా కారణమే, నేను కాదనను. కానీ మా నాయిన ఒకసారి పొలం గట్టు మీద నిలబడి ఒక మాటన్నాడు: "ఎండకాలం పొగ పైకి పోతది బిడ్డా. చలికాలం పొగ మీద పడ్తది, అంటుకుంటది." రసాయన శాస్త్రం చదువుకున్న నాకు ఆ 'అంటుకుంటది' అనే మాట దగ్గర చాలా రోజులు మనసు ఆగిపోయింది.

పోయిన చలికాలం మా బడి వరండాలో ఒక చిన్న గాలి సెన్సర్ పెట్టాను. ఆన్‌లైన్‌లో దొరికే చవక రకం. పక్కనే పిల్లలు రెండు థర్మామీటర్లు కట్టారు, ఒకదాని బల్బుకు తడి గుడ్డ చుట్టారు. ఆ రెండింటి తేడా చూసి గాలిలో తేమ ఎంతో పట్టికలో చూసుకోవడం వాళ్లకు ఉష్ణం పాఠంతో పాటే నేర్పించాను. రోజుకు రెండుసార్లు, ప్రార్థనకు ముందు ఒకసారి, మధ్యాహ్న భోజనం తర్వాత ఒకసారి, నోటుబుక్కులో రాసేవాళ్లు. మంచు పట్టిన రోజు పొద్దున సెన్సర్ అంకె ఎగిరి కూర్చునేది. ఎండ వచ్చాక దిగిపోయేది. ఒక పిల్లవాడు "టీచర్, మిషన్ ఖరాబైంది" అన్నాడు. అది ఖరాబు కాలేదు. అలాంటి సెన్సర్ రేణువులను తూచదు, వాటి మీద పడి చెదిరే వెలుతురును చూస్తుంది. తేమకు రేణువులు నీళ్లు పీల్చుకుని ఉబ్బుతాయి, ఉబ్బిన రేణువు ఎక్కువ వెలుతురును చెదరగొడుతుంది, అంకె పెరుగుతుంది. గాలిలో పొగ అంత పెరిగిందని ఆ అంకె అర్థం కాదు. అలాగని ఏమీ జరగలేదనీ కాదు. రేణువు నిజంగానే మారిపోయింది. ఎలా మారిందో పిల్లలకు చెప్పడానికి కూర్చున్నప్పుడే నాకు ఈ విషయం ఎంత పెద్దదో తెలిసింది.

పీఎం2.5 అంటే 2.5 మైక్రాన్ల కన్నా సన్నని రేణువులు. మన తల వెంట్రుక మందం దానికి ఇరవై రెట్లకు పైనే ఉంటుంది. అందులో మట్టి ఉంటుంది, మసి ఉంటుంది, సల్ఫేట్లు, నైట్రేట్లు ఉంటాయి. చాలా చోట్ల పెద్ద వాటా మాత్రం కర్బన పదార్థాలది. గడ్డి మండినప్పుడు అందులోని సెల్యులోజ్ విరిగి లెవోగ్లూకోసాన్ అనే చక్కెర లాంటి పదార్థం వస్తుంది. గాలిలో అది దొరికిందంటే ఎక్కడో గడ్డి గానీ కట్టెలు గానీ మండాయని శాస్త్రవేత్తలు గుర్తుపడతారు. గడ్డిలోని లిగ్నిన్ నుంచి ఫినాల్ రకం పదార్థాలు వస్తాయి, పొగకు ఆ ఘాటు వాసన చాలావరకు వాటిదే. ఇవి నేరుగా పొగతో వచ్చేవి. ఇంకొన్ని రేణువులు గాలిలోనే పుడతాయి. మన నల్గొండ బత్తాయి తొక్క వలిచినప్పుడు చేతికి అంటుకునే నూనెలో అత్యధిక భాగం లిమోనిన్. ఆ ఆవిరి గాలిలోని ఓజోన్‌తో కలిస్తే, కంటికి కనిపించని సన్నని రేణువులుగా మారుతుంది. చెట్ల నుంచి, పెట్రోలు ఆవిరి నుంచి, పెయింట్ల నుంచి ఇలాగే రేణువులు తయారవుతాయి. రేణువులను లెక్కపెట్టేటప్పుడు వీటన్నిటినీ దుమ్ము అనే ఒక్క మాట కింద కట్టేస్తున్నాం.

ఇక తేమ సంగతి. ఇంట్లో బెల్లం ముద్దను చూడండి. ఏప్రిల్‌లో రాయిలా ఉంటుంది, రోకలితో కొట్టాలి. శ్రావణంలో అదే బెల్లం చెమర్చి, మెత్తబడి, డబ్బా అడుగున పాకం కారుతుంది. ఎవరూ దాని మీద నీళ్లు పోయలేదు, గాలిలోని తేమే చాలింది. కర్బన రేణువులు చాలావరకు ఈ బెల్లం లాంటివే. ఉప్పు దారి వేరు. శుద్ధమైన ఉప్పు దాదాపు 75 శాతం తేమ దాకా గట్టిగా ఉండి, ఆ హద్దు దాటగానే ఒక్కసారిగా నీరవుతుంది. కర్బన రేణువు అలా కాదు, మెల్లమెల్లగా, గాజు నుంచి తారుకు, తారు నుంచి తేనెకు, తేనె నుంచి నీళ్లకు జారుతుంది.

చాలాకాలం శాస్త్రవేత్తలు ఈ రేణువులన్నీ చిన్న చిన్న నూనె చుక్కల్లాంటివే అనుకుని లెక్కలు వేశారు. 2010లో ఫిన్లండ్ పరిశోధకులు పైన్ అడవి గాలి నుంచి పుట్టిన రేణువులను ఒక పలక మీదికి వదిలి చూస్తే అవి అతుక్కోకుండా ఎగిరిపడ్డాయి. చుక్క అయితే అతుక్కోవాలి. గోళీ అయితే ఎగరాలి. పొడి గాలిలో అవి గోళీలు. ఆ తర్వాత ఎన్నో ప్రయోగశాలల్లో తేమను పెంచుతూ, తగ్గిస్తూ ఇదే చూశారు. కొన్ని రకాల రేణువులు తక్కువ తేమలో కూడా మెత్తగానే ఉంటాయి, కొన్నిటికి చాలా తేమ కావాలి.

గట్టిగా ఉంటే ఏంటి, మెత్తగా ఉంటే ఏంటి అని మీరు అడగవచ్చు. అసలు విషయం ఇక్కడే ఉంది. రసాయన చర్య జరగాలంటే రెండు అణువులు కలవాలి. ద్రవంగా ఉన్న సన్నని రేణువులో ఒక అణువు ఈ పక్క నుంచి ఆ పక్కకు సెకనులో చిన్న భాగంలోనే చేరిపోతుంది. గాజులా బిగిసిన రేణువులో అదే ప్రయాణానికి గంటలు, రోజులు, కొన్నిసార్లు అంతకన్నా ఎక్కువే పడుతుంది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో 1927లో ఒక గరాటులో తారు లాంటి పదార్థం పోసి కింద ఎప్పుడు కారుతుందా అని పెట్టారు. 2014 దాకా పడినవి తొమ్మిది చుక్కలు. కదలిక అంత నిదానమైన చోట చర్య కూడా పైపొర దగ్గరే ఆగిపోతుంది.

అమ్మోనియాతో చేసిన ప్రయోగాలు దీన్ని బాగా చూపించాయి. పెట్రోలు, పెయింట్లలో ఉండే టోలీన్ లాంటి ఆవిరి నుంచి తయారైన రేణువులకు పొడి గాలిలో అమ్మోనియా తగిలిస్తే అది పైనే ఆగింది. తేమ పెంచాక లోపలిదాకా వెళ్లి చర్య జరిపింది. ఇది మనకు దూరపు సంగతి కాదు. నాటు వేసిన వరి మడిలో యూరియా చల్లితే అందులో కొంత అమ్మోనియాగా గాలిలోకి పోతుంది. పశువుల కొట్టం నుంచి, కోళ్ల షెడ్డు నుంచి వస్తుంది. మన జిల్లాలో పొగ, అమ్మోనియా, మంచు ఒకే ఊరి మీద కలుస్తాయి. ఆ కలయికలో నైట్రోజన్ ఉన్న గోధుమ రంగు పదార్థాలు పుట్టే వీలుంది. నార్కట్‌పల్లి–అద్దంకి రోడ్డు మీద లారీల నుంచి వచ్చే నైట్రోజన్ ఆక్సైడ్లు, పొగలోని ఫినాల్‌లు కలిస్తే నైట్రోఫినాల్‌లు వస్తాయి. రేణువులో నీళ్లు ఉంటే ఇలాంటి చర్యలకు ఇంకో దారి తెరుచుకుంటుంది.

సల్ఫర్ డయాక్సైడ్ సంగతి ప్రపంచానికి చాలా పెద్ద ధరకు తెలిసింది. 1952 డిసెంబర్ 5 నుంచి 9 దాకా లండన్ మీద బొగ్గు పొగ, మంచు కలిసి కూర్చున్నాయి. మొదట నాలుగు వేల మంది చనిపోయారని లెక్క వేశారు, తర్వాతి అంచనాలు పన్నెండు వేల దాకా వెళ్లాయి. మంచు చుక్కల్లోని నీళ్లలో ఆ వాయువు సల్ఫ్యూరిక్ ఆమ్లంగా మారింది. మన దగ్గర అంత ఘోరం జరుగుతుందని భయపెట్టడం నా ఉద్దేశం కాదు, అప్పటి లండన్ పొగ లెక్కే వేరు. కానీ మిర్యాలగూడ మిల్లుల్లో ఊక మండుతుంది, కృష్ణ ఒడ్డున సిమెంటు బట్టీలు నడుస్తున్నాయి, దామరచర్ల దగ్గర 800 మెగావాట్ల యూనిట్లు ఐదింటితో థర్మల్ కేంద్రం వచ్చింది. బొగ్గు మండితే సల్ఫర్ డయాక్సైడ్ వస్తుంది, అది సల్ఫేటుగా మారితే రేణువు ఇంకా ఎక్కువ నీళ్లు పట్టుకుంటుంది, ఎక్కువ నీళ్లుంటే మరింత చర్య. ఒకదాన్ని ఇంకొకటి పెంచుకుంటూ పోతాయి.

తేమను శత్రువును చేయడం కూడా సరికాదు. మండినప్పుడు పుట్టే బెంజోపైరీన్ అనే పదార్థం క్యాన్సర్ కారకం. మన జాతీయ ప్రమాణాల్లో దానికి ఏడాది సగటు హద్దు ఘనపు మీటరుకు ఒక నానోగ్రామ్ మాత్రమే. చల్లని, పొడి గాలిలో గట్టి కర్బన పొర దాన్ని కప్పేసి ఓజోన్ నుంచి కాపాడుతుంది, అందుకే అది విరగకుండా చాలా దూరం ప్రయాణిస్తుందని 2017లో వచ్చిన ఒక పరిశోధన చెప్పింది. వెచ్చని తేమ గాలిలో ఆ పొర మెత్తబడి, లోపలి విషం విరగడానికి దారి దొరుకుతుంది. అంటే పొడి కాలంలో ఒక రకం ప్రమాదం తాళం వేసుకుని తిరుగుతుంది, తేమ కాలంలో ఇంకో రకం ప్రమాదం తయారవుతుంది. పైగా మన శ్వాసనాళాల్లో తేమ దాదాపు నూరు శాతం. మే నెల మధ్యాహ్నం పీల్చిన పొడి రేణువు కూడా లోపలికి వెళ్లాక నీళ్లు పట్టడం మొదలుపెడుతుంది.

ఇప్పుడు మన రెండు కోతలను పక్కపక్కన పెట్టి చూడండి. యాసంగి కొయ్యలు మండేది ఎండలు మండే రోజుల్లో. గడ్డి ఎండిపోయి ఉంటుంది, మంట పెద్దగా లేచి తొందరగా అయిపోతుంది, వేడికి పొగ పైకి పోతుంది, మధ్యాహ్నం గాలి పొడిగా ఉంటుంది. వానాకాలం కొయ్యలు మండేది నవంబర్, డిసెంబర్‌లలో. గడ్డిలో పచ్చి ఉంటుంది, మంచుకు తడుస్తుంది, మంట సరిగ్గా లేవక రాత్రంతా కుములుతుంది. కుమిలే మంటలో కర్బన పొగ ఎక్కువ. చలికి కింది గాలి కదలదు, తెల్లారేసరికి తేమ పెరిగి మంచు పడుతుంది. ఒకే పొలం, ఒకే గడ్డి, రెండు వేర్వేరు రసాయన శాలలు. రెండింటికీ ఒకే అంకె, ఒకే హెచ్చరిక, ఒకే ప్రణాళిక సరిపోవు. మా నాయిన అన్న 'అంటుకుంటది' అనే మాటలో ఇంత ఉంది.

2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో హైదరాబాద్, పటాన్‌చెరులతో పాటు నల్గొండ పేరు కూడా ఉంది. మన పట్టణం ఆ జాబితాలో ఉండటం బాధే, అయినా దాని వల్ల నిధులు, ప్రణాళికలు వచ్చే అవకాశం ఉంది కాబట్టి మంచిదే అనుకున్నాను. కానీ ఆ కార్యక్రమంలో ప్రగతిని ప్రధానంగా పీఎం10తో, అంటే 10 మైక్రాన్ల దాకా ఉండే రేణువులతో, కొలుస్తున్నారు. పీఎం10లో రోడ్డు దుమ్ము, మట్టి చాలా ఉంటాయి. రోడ్లు ఊడ్చి, నీళ్లు చల్లితే ఆ అంకె తగ్గవచ్చు. నేను చెబుతున్న కర్బన రేణువులు అత్యధికంగా పీఎం2.5లోనే, అందులోనూ సన్నని వైపు ఉంటాయి. చీపురుకు అవి దొరకవు.

ఫిల్టర్ మీద రేణువులను పట్టి తూచే పద్ధతిలో, తూకానికి ముందూ వెనకా ఫిల్టర్‌ను ఒకే నియమిత తేమలో ఉంచుతారు. ఆటోమేటిక్ మిషన్లలో లోపలికి వచ్చే గాలిని కొంత వేడిచేసి తేమ తగ్గిస్తారు. ఇది తప్పు కాదు. వడ్లను ఆరబెట్టి కాంటా వేసినట్టు, ఊరూరి తూకం పోల్చాలంటే అలా చేయాల్సిందే. నా విన్నపం ఏమిటంటే, ఆరబెట్టిన తూకంతో పాటు ఆ గంటలో గాలిలో తేమ ఎంత ఉందో కూడా జనానికి చూపించండి. ఆటోమేటిక్ స్టేషన్లలో తేమ, ఉష్ణోగ్రత కొలిచే ఏర్పాటు మామూలుగా ఉంటుంది. పీఎం2.5 అంకె పక్కనే గంట గంటకూ ఆ తేమ కూడా తెలుగులో కనిపిస్తే, డాక్టరు చూస్తాడు, టీచరు చూస్తుంది, ఆయాసం ఉన్న మనిషి ఇంట్లోవాళ్లు చూస్తారు.

రెండో విన్నపం కొంచెం ఖర్చుతో కూడింది. తూకం అయిపోయిన ఫిల్టర్లను పక్కన పడేయకుండా, ఏడాదిలో కనీసం రెండు కోతల నెలల్లో వాటిలో ఏముందో పరీక్ష చేయించండి. కర్బనం ఎంత, లెవోగ్లూకోసాన్ ఎంత, బెంజోపైరీన్ ఎంత, నైట్రోఫినాల్‌లు ఉన్నాయా. దీనికి క్వార్ట్జ్ ఫిల్టర్లు వేరుగా పెట్టాల్సి రావచ్చు. నల్గొండలోనే మహాత్మా గాంధీ విశ్వవిద్యాలయం ఉంది, హైదరాబాద్‌లో రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ, ఉస్మానియా ఉన్నాయి, కందిలో ఐఐటీ ఉంది. ఎంఎస్సీ కెమిస్ట్రీ చదివే మన పిల్లలకు ఇంతకన్నా మంచి ప్రాజెక్టు ఎక్కడ దొరుకుతుంది? వరి మళ్ల దగ్గర అమ్మోనియా కూడా చూడండి. దానికి జాతీయ ప్రమాణం ఇప్పటికే ఉంది, 24 గంటల సగటు ఘనపు మీటరుకు 400 మైక్రోగ్రాములు. మనం చూడాల్సింది హద్దు దాటిందా లేదా అన్నది ఒక్కటే కాదు, పొగతో కలిసిన రోజు అది ఏమవుతోందో కూడా.

మూడోది హెచ్చరికల గురించి. రేపు పొద్దున తేమ ఎక్కువ, గాలి కదలదు అని వాతావరణ శాఖ ముందే చెప్పగలదు. అలాంటి సాయంత్రం కొయ్యలకు నిప్పు పెట్టొద్దని, మిల్లు బాయిలర్లలో తడి ఊక వేయొద్దని ముందురోజే చెప్పించండి. ఊళ్లో మైకులో చెప్పినా చాలు, వాట్సాప్‌లో వచ్చినా చాలు. ఏడాదంతా 'కాల్చొద్దు' అంటే ఎవరి చెవికీ ఎక్కదు. 'రేపు మంచు పడుతుంది, ఇవాళ వద్దు' అంటే వింటారు. రైతుకు వాతావరణం చెబితే అర్థమవుతుంది.

ఒక్క మాట రైతుల తరఫున. హార్వెస్టర్‌తో కోస్తే మోకాలి ఎత్తు కొయ్యలు మిగులుతాయి. వానాకాలం కోతకూ యాసంగి నాటుకూ మధ్య రోజులు తక్కువ. గడ్డి కట్టలు కట్టే బేలర్ మా ఊరికి కోతల టైమ్‌లో దొరకడం కష్టం, దొరికినా అందరి పొలానికీ ఒకేసారి రాదు. సూపర్ ఫాస్ఫేట్ చల్లి దమ్ము చేసి కలియదున్నితే కొయ్యలు కుళ్లి ఎరువవుతాయని వ్యవసాయ అధికారులు చెబుతారు, మా నాయిన రెండేళ్లుగా అలాగే చేస్తున్నాడు, నేల బాగుంది. కానీ దానికి నీళ్లు కావాలి, ట్రాక్టర్ కిరాయి కావాలి, కొన్ని రోజుల వ్యవధి కావాలి. కేసులు పెడితే రాత్రిపూట కాలుస్తారు. రాత్రి కాలిస్తే పైన చెప్పిన రసాయన శాల ఇంకా బాగా నడుస్తుంది. వ్యవసాయ శాఖతో కలిసి కూర్చుని, తేమ ఎక్కువగా ఉండే నవంబర్, డిసెంబర్ నెలలకు బేలర్లు ముందు ఇక్కడికి వచ్చేలా చూడండి.

మన జిల్లాకు కంటికి కనిపించని విషంతో పాత పరిచయం ఉంది. బోరు నీళ్లు తేటగానే ఉండేవి. ఫ్లోరైడ్ ఎముకలు వంచింది. నీళ్లు ఎంత తేటగా ఉన్నాయని కాకుండా అందులో ఏముందని అడగడం నేర్చుకున్నాక, 1970లలో నాగపూర్‌లోని నీరి సంస్థ పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతి తెచ్చింది. దాన్ని ఈరోజుకీ లోకం నల్గొండ పద్ధతి అని పిలుస్తోంది. నా విద్యార్థుల్లో కొందరి తాతలు, అవ్వలు ఆ వంగిన నడుములతోనే బతికారు. గాలి విషయంలో అంత కాలం ఆగనక్కర్లేదని నేను నమ్ముతున్నాను, ఎందుకంటే ఈసారి ఏం కొలవాలో ముందే తెలుసు.

మా పిల్లల నోటుబుక్కు కాపీ ఈ లేఖతో పాటు పోస్టులో పంపుతున్నాను. అందులోని సెన్సర్ అంకెలను ప్రమాణంగా తీసుకోవద్దు, తేమ కాలమ్ పక్కన పెట్టి వాటి తీరు మాత్రం చూడండి. వచ్చే వానాకాలం కోతలు మొదలయ్యేలోపు నల్గొండలో ఒకటి, మిర్యాలగూడ దగ్గర ఒకటి, ఈ రెండు చోట్లయినా తేమతో పాటు రేణువుల రసాయనం చూడటం మొదలుపెట్టండి. ఫిల్టర్లు మార్చడానికి పొద్దున ఆరు గంటలకు మనిషి కావాలంటే మా బడి తరఫున నేను వస్తాను.

ఇట్లు,
ఒక ఫిజికల్ సైన్స్ టీచర్,
నల్గొండ జిల్లా